పాత నీళ్ల ట్యాంకు కూల్చే ముందు మాకొక కబురు చెప్పండి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మంచినీళ్ల సరఫరా చూసే ఇంజనీర్లకు, సర్పంచులకు, వార్డు మెంబర్లకు, పంపు ఆపరేటర్లకు

నమస్కారం.

నేను బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తాను. సెలవు రోజుల్లో నీళ్ల ట్యాంకులు చూడటానికి, వాటి ఫొటోలు తీయడానికి ఊళ్లు తిరుగుతాను. ఈ ఇష్టం ఉన్నవాళ్లం ఈ చుట్టుపక్కల ఇంకొందరం ఉన్నాం. ఒకాయనకు మందుల షాపు ఉంది, ఒకావిడ ట్యూషన్లు చెబుతారు, పర్లాకిమిడి తమ్ముడొకడు బస్సు కండక్టరు. కండక్టరు కాబట్టి మా అందరికంటే ఎక్కువ ట్యాంకులు చూసేది వాడే. దారిలో కొత్త రకం కనిపిస్తే ఊరి పేరు రాసుకుని మాకు ఫోన్ చేస్తాడు. తర్వాత వీలున్నవాళ్లం బండి మీద వెళ్తాం.

మీకు ఇలా అందరి ముందూ రాయడానికి కారణం చెబుతాను. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించినప్పటి నుంచి మన పల్లెల్లో కొత్త ట్యాంకులు వరసగా లేస్తున్నాయి. ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది ఆ పథకం లెక్క. కొత్తది తయారవగానే పక్కనున్న పాతదానికి నీళ్లెక్కించడం మానేస్తారు. కొన్నాళ్లు అది ఖాళీగా నిలబడుతుంది. ఆ తర్వాత ఒకరోజు జేసీబీ వస్తుంది. మాకు తెలిసి మేం వెళ్లేసరికి నేల చదునై ఉంటుంది. అది ఏ ఏడాది కట్టారో, ఎన్ని లీటర్లదో, మేస్త్రీలు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పేవాళ్లు దొరకరు. ఫొటో ఉందా అని అడిగితే ఎవరింట్లోనో పెళ్లి ఆల్బమ్ తీసి చూపిస్తారు. ఊరేగింపు వెనకాల, పందిరి మీదుగా, సగం ట్యాంకు కనిపిస్తుంది. రెండు మూడు తరాలకు నీళ్లిచ్చిన కట్టడానికి మిగిలేది అదే.

కూల్చవద్దని నేను అడగడం లేదు. పెచ్చులూడి, లోపలి ఇనుము బయటపడి, స్కూలు పక్కన నిలబడిన ట్యాంకును అలాగే ఉంచమనడం తప్పు. దాని నీడలో పిల్లలు ఆడుకుంటారు, ఆవులు పడుకుంటాయి, సంతరోజున కూరగాయల వాళ్లు గోనెసంచులు పరుస్తారు. ప్రమాదమని ఇంజనీరు తేల్చాక తీసేయాల్సిందే. నేను అడిగేది కూల్చడానికి ముందు కొంచెం వ్యవధి, ఒక కబురు. ఆ వ్యవధిలో మేం వచ్చి దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీస్తాం. దాని మీదున్న రాతలు రాసుకుంటాం. దాన్ని నడిపిన ఆపరేటరు ఇంకా ఊళ్లో ఉంటే ఆయనతో మాట్లాడతాం. పంచాయతీకి ఒక ప్రతి ఇస్తాం. మాకు డబ్బు అక్కర్లేదు.

ట్యాంకులన్నీ ఒకేలా ఉంటాయి కదా, వాటిలో ఫొటో తీయడానికి ఏముందని చాలామంది అడుగుతారు. ఒకేలా ఉండవు. బరంపురంలో రైలెక్కి దక్షిణానికి వెళ్తూ కిటికీ దగ్గర కూర్చోండి, ఇచ్ఛాపురం వచ్చేలోపే ఎన్ని రకాలో తెలుస్తుంది. నాలుగు స్తంభాల మీద చిన్న గుండ్రటి డబ్బాలా నిలబడేవి ఉన్నాయి. ఆరు, ఎనిమిది స్తంభాలు, వాటి మధ్య అంతస్తులంతస్తులుగా అడ్డదూలాలు, పైన వెడల్పాటి గిన్నె ఉన్నవి ఉన్నాయి. ఒకే లావుపాటి బోలు స్తంభం మీద గరాటులా విచ్చుకున్నవి ఉన్నాయి, వాటికి మెట్లు లోపలే తిరుగుతాయి. పాత రైల్వే కాలనీల్లో, ఫ్యాక్టరీ కాలనీల్లో ఇనుప పలకల ట్యాంకులు కనిపిస్తాయి. నాలుగడుగుల చదరపు పలకలు, ఒక్కోదాని మీద ఉబ్బెత్తు గీతలు ఒత్తి, అంచులు బోల్టులతో బిగించి చేసినవి. పలకలు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేస్తే ట్యాంకు కొలతలు కింద నిలబడే చెప్పొచ్చు. గజపతి కొండల్లోకి వెళ్తే రకం మారిపోతుంది. గుమ్మ వైపు సవరల పల్లెల్లో ఇనుప చట్రం మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, దాని పైనే సోలార్ పలకలు. కరెంటు తీగ చేరని గుడిసెలకు కూడా అవి నీళ్లిస్తున్నాయి. ఆ చిన్న ట్యాంకుల్ని కూడా మేం పెద్దవాటితో సమానంగానే తీస్తాం.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది స్తంభాల మీద గిన్నెలా ఉండే పాత కాంక్రీటు ట్యాంకు. ఇంజనీర్లు ఇంట్జ్ ట్యాంకు అంటారని మీకు తెలుసు, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఓటో ఇంట్జ్ అనే జర్మన్ ఇంజనీరు, ఆహెన్ నగరంలో ప్రొఫెసరు, 19వ శతాబ్దం చివర్లో ఈ ఆలోచన చేశాడు. ట్యాంకు అడుగు బల్లపరుపుగా ఉంటే నీళ్ల బరువుకు అది చాలా మందంగా కట్టాలి. ఆయన అడుగున గుమ్మటం పెట్టి, దాని చుట్టూ పైకి విచ్చుకునే వాలు గోడ కట్టాడు. గుమ్మటం బయటికి తోస్తుంది, వాలు గోడ లోపలికి నెడుతుంది. రెండూ కలిసేచోట ఉన్న వలయపు దూలం దగ్గర ఆ రెండు తోపుళ్లూ సరిపోతాయి. ఇక స్తంభాల మీదికి దిగేది నిలువు బరువే. తక్కువ సిమెంటుతో ఎక్కువ నీళ్లు నిలబడతాయి. మన దేశంలో ఈ నమూనా ఊరూరా పాకింది. ఇలాంటి ట్యాంకు కింద నిలబడి తల ఎత్తి చూస్తే ఆ గుమ్మటం, ఆ వాలు గోడ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. సెంట్రింగు చెక్కల ముద్రలు కాంక్రీటు మీద ఇంకా ఉంటాయి. ఆ చెక్కలు గుండ్రంగా ఎలా అమర్చారో చూస్తుంటే ఆ వడ్రంగుల చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక ఎత్తు సంగతి. పది మీటర్ల ఎత్తున నీళ్లుంటే కింద చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. ఒక అంతస్తు ఇళ్లకు కుళాయి దగ్గర 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల నీళ్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడి మిగలాలని 1999 నాటి నీటి సరఫరా మాన్యువల్ చెప్పింది. అంటే ఒక ట్యాంకు ఎత్తు చూస్తే దాన్ని కట్టిన రోజున ఆ ఊళ్లో ఇళ్లు ఎలా ఉన్నాయో, ఎలా పెరుగుతాయని ఇంజనీరు అనుకున్నాడో ఊహించొచ్చు. పొట్టి ట్యాంకు పక్కన ఇప్పుడు మూడంతస్తుల ఇళ్లు లేచాయి, ఇంటింటా మోటార్లు పెట్టుకున్నారు. అందుకే పాతది చాలడం లేదని మీరు కొత్తది కడుతున్నారు. రెండూ పక్కపక్కన నిలబడి ఉండే ఆ కొద్ది నెలల్లో తీసిన ఫొటోలో ఊరు ఎంత ఎదిగిందో ఒకేచోట కనిపిస్తుంది. కూల్చాక ఆ ఫొటో ఇక ఎవరూ తీయలేరు. మా తొందర అందుకే.

మనది తుఫాన్ల తీరం. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తీరం దాటిన తుఫాను, అదే నెలాఖరున పారాదీప్ వైపు వచ్చిన మహాతుఫాను, 2013 అక్టోబరు 12 రాత్రి మళ్లీ గోపాలపురం దగ్గరే దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి కొండల్ని కూడా కుదిపేసిన తిత్లీ. ఫైలిన్‌కి గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు, రేకులు పడిపోయాయి. కరెంటు లేని రోజుల్లో మోటార్లు తిరగవు, అప్పుడు కుళాయికి రాగలిగేది ముందే పైకెక్కించి పెట్టిన నీళ్లే. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి పెట్టే ఆపరేటర్లున్నారు. ఖాళీ ట్యాంకుకు గాలి ఎక్కువ ప్రమాదం అని కూడా వాళ్లకు తెలుసు, బరువు లేని కట్టడాన్ని గాలి తేలిగ్గా ఊపుతుంది. డిజైన్ చేసేటప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు గాలికి, నిండుగా ఉన్నప్పుడు భూకంపానికి నిలబడుతుందా అని వేర్వేరుగా లెక్కేస్తారు. ఇన్ని తుఫాన్లకు ఎదురు నిలిచిన ట్యాంకుల్ని ఇప్పుడు ఒక్క పూటలో, ఒక్క ఫొటో కూడా లేకుండా తుడిచేయడం నాకు బాధగా ఉంటుంది. దాచుకోకుండా చెబుతున్నాను.

మా ఫొటోలు మీకూ పనికొస్తాయి. ఈ మాట కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మేం వీలైనంతవరకు ఒకే ట్యాంకును ఒకేచోటు నుంచి మళ్లీ మళ్లీ తీస్తాం. దసరా దాటాక, వానలు వెనకబట్టాక ఆకాశం కడిగినట్టుంటుంది, అప్పుడు వెళ్తాం. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే స్తంభాలు వెనక్కి వాలిపోయినట్టు వస్తాయి, అందుకని దూరంగా పొలం గట్టు మీదికో, ఎవరిదైనా డాబా మీదికో వెళ్లి తీస్తాం. డాబా వాళ్లు టీ ఇచ్చి, ఆ ట్యాంకు కథంతా చెప్పి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎండ మరీ గట్టిగా ఉంటే ఒకవైపు నల్లబడిపోయి పగుళ్లు కనిపించవు, పలచటి మబ్బుంటే కాంక్రీటు మీద ప్రతి గీతా కనిపిస్తుంది. ఇలా తీసిన రెండు మూడేళ్ల ఫొటోలు పక్కపక్కన పెట్టండి. గిన్నె అడుగున తెల్లటి చారలు మొదలైతే నీళ్లు ఊరి కాంక్రీటులోని సున్నాన్ని బయటికి తెస్తున్నాయన్నమాట. స్తంభం మూల వెంబడి గోధుమ రంగు గీత దిగితే లోపల ఇనుము తుప్పు పడుతోంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పై పొరను నెడుతుంది, అప్పుడు పెచ్చులూడతాయి. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది కాబట్టి గోపాలపురం, ఛత్రపురం వైపు ఇది తొందరగా వస్తుంది, పైగా సముద్రం వైపున్న స్తంభాలకే ముందు వస్తుంది. రోజూ చూసే ఆపరేటరు కంటికి నెమ్మదిగా వచ్చే ఈ మార్పు అందదు. ఫొటోల్లో అందుతుంది. మీలో ఏ ఇంజనీరుగారైనా తమ పరిధిలోని ట్యాంకు ఫొటోలు కావాలంటే మా దగ్గరున్నవన్నీ తేదీలతో సహా ఇస్తాం.

ఇక్కడే ఇంకో మాట. చాలాచోట్ల పెచ్చులూడిన చోట సిమెంటు పూసి, పైన రంగేసి వదిలేస్తున్నారు. కొత్త రంగు వేసిన ట్యాంకు చూడటానికి బాగుంటుంది. తుప్పు గీకి, ఇనుముకు పూత వేసి, ఆ తర్వాత మాసిక వేయకపోతే ఆ రంగు కింద జబ్బు అలాగే పెరుగుతుంది. మీకు తెలియని సంగతి కాదు, కానీ రంగు వేయడానికి ముందు తీసిన ఫొటో ఒకటి ఫైల్లో ఉంటే తర్వాత వచ్చే ఇంజనీరుకు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ట్యాంకు చుట్టూ ఉండే ప్రాణుల గురించి కూడా చెప్పాలి. గిన్నె అడుగున పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. చెట్ల కంటే ఎత్తు, వాన తగలదు, మనుషులు చేరలేరు. కొన్ని ట్యాంకులకు ఏటేటా అదే చోట పడతాయి. కూల్చేటప్పుడు పట్లుంటే పనివాళ్లకూ ప్రమాదమే, ఈగలకూ నష్టమే. కొన్నాళ్లు ఆగితే అవే ఎగిరిపోతాయి, అవి కాలాన్ని బట్టి చోటు మారే జాతి. ఈ ఒక్క కారణానికైనా కూల్చే తేదీ ముందుగా ఊళ్లో చెప్పడం మంచిది.

ఇప్పుడు మాకు ఎదురయ్యే ఇబ్బంది చెబుతాను. ఏ ఊరో, ఎవరో చెప్పను, వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒకచోట రోడ్డు మీద నిలబడి ట్యాంకు ఫొటో తీస్తుంటే కుర్రాళ్లు చుట్టుముట్టారు. నీళ్లలో ఏమైనా కలపడానికి వచ్చారా అని అడిగారు. ఫోన్ లాక్కుని ఫొటోలన్నీ తీసేశారు, అందులో నెలల తరబడి తీసినవి ఉన్నాయి. చాలాసేపు టెన్షన్ పడ్డాం. ఊరి పెద్దాయన ఒకరు వచ్చి తెలుగులో నాలుగు మాటలు మాట్లాడాక వదిలారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఊరంతా తాగే నీళ్లవి, కాపలా కాయాల్సిందే. అందుకే మేం కంచె దాటం, నిచ్చెన ముట్టుకోం, ఎవరు రమ్మన్నా ట్యాంకు ఎక్కం. డ్రోన్ ఎగరేయం. గోపాలపురంలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ వైపు, ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుక నుంచి ఖనిజాలు తీసే ఐఆర్ఈఎల్ ఫ్యాక్టరీ వైపు కెమెరా తిప్పం. ముందు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, మేం ఫలానా అని చెప్పి, ఆ తర్వాతే ట్యాంకు దగ్గరికి వెళ్తాం. ఆదివారం ఆఫీసు మూసి ఉంటుంది, అప్పుడే చిక్కు వస్తుంది.

కొందరు కాపలావాళ్లు నీళ్ల ట్యాంకు ఫొటో తీయడమే నేరమంటారు. చట్టం అలా చెప్పదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో నిషేధిత స్థలాల నిర్వచనం ఉంది. నీటి సరఫరా కట్టడం లాంటి ప్రజోపయోగ నిర్మాణం అందులోకి రావాలంటే కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి. ఆ ప్రకటన ప్రతిని అక్కడ ఇంగ్లీషులోనూ, ఆ ప్రాంతపు భాషలోనూ అంటించాలి. అలాంటి నోటీసు ఉన్నచోట మేం ఆగిపోతాం, ప్రశ్న కూడా అడగం. లేనిచోట, నలుగురూ నడిచే రోడ్డు మీద నిలబడి ఊరి ట్యాంకు ఫొటో తీసుకునేవాళ్లను దొంగల్లా చూడవద్దని మీ సిబ్బందికి ఒక మాట చెప్పండి. సర్పంచుగారు ఇచ్చే రెండు వాక్యాల కాగితం మా దగ్గరుంటే కుర్రాళ్లకు చూపించుకుంటాం. గొడవే ఉండదు.

పర్లాకిమిడి గురించి రాయకుండా ఉండలేను. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల చిన్న రైలు 1900లో మొదలైంది, పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. వంశధార పక్కన, కాశీనగరం మీదుగా ఆవిరి ఇంజన్లు నడిచిన దారి అది. ఆవిరి ఇంజనుకు బొగ్గు ఎంత అవసరమో నీళ్లు అంత అవసరం. అందుకే ఆ రోజుల్లో రైల్వే లైన్ల వెంబడి ట్యాంకులు, వాటి నుంచి ఇంజనుకు నీళ్లు వంచే గొట్టాలు ఉండేవి. ఆ లైను 2004లో పెద్ద లైనుగా మార్చడానికి ఆపారు, 2011 నాటికి గుణుపురం దాకా మళ్లీ రైలు నడిచింది. పెద్ద రైలు రావడం అందరికీ మంచిదే, నేనూ అందులో వెళ్తాను. కానీ ఆ చిన్న స్టేషన్లలో ఇంజను నీళ్లు తాగిన ట్యాంకుల ఫొటోల కోసం మేం ఇళ్లిళ్లూ తిరిగి అడుగుతున్నాం. ఇంజను ఫొటోలు దొరుకుతాయి, ట్యాంకువి దొరకవు. ఇంజను ముందు నిలబడి ఫొటో దిగినవాళ్లున్నారు, ట్యాంకు ముందు దిగినవాళ్లు లేరు. పాత రైల్వే ఉద్యోగుల ఇళ్లలో ఏదైనా ఉంటే దయచేసి పారేయకండి, ఒకసారి మాకు చూపించండి.

అదే పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకుని, కొండల్లోకి వెళ్లి వాళ్ల మాటలు, కథలు, పాటలు రాసుకున్నారు. అప్పట్లో ఆ మాటలు రాయదగ్గవని ఎవరూ అనుకోలేదు. ఆయన రాసిపెట్టడం వల్ల మనకు మిగిలాయి. మా పని ఆయన పనితో పోల్చదగ్గది కాదు. కానీ ఎవరూ పట్టించుకోనిదాన్ని ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలన్నది మాకు ఈ నేల మీదే దొరికిన పాఠం.

బయటి దేశాల్లో ఈ పని ఎప్పుడో మొదలైంది. జర్మనీలో బెర్న్ద్, హిల్లా బెఖర్ అనే దంపతులు 1959 నుంచి కొన్ని దశాబ్దాలపాటు నీటి టవర్లు, గని కట్టడాలు, కొలిమి బట్టీలు తీశారు. మబ్బు పట్టిన రోజు చూసి, ఎదురుగా నిలబడి, ఒకే పద్ధతిలో తీసి, వరసలుగా పేర్చి చూపించారు. వాళ్లు తీసినవాటిలో చాలా కట్టడాలు తర్వాత లేకుండా పోయాయి. 1990లో వెనిస్ ప్రదర్శనలో వాళ్లకు పెద్ద బహుమానం వచ్చింది, అదీ శిల్పకళ విభాగంలో. జర్మనీలోనూ బ్రిటన్‌లోనూ నీటి టవర్ల అభిమానులకు సంఘాలున్నాయి. మన వైపు నుంచి కువైట్ పనికి వెళ్లినవాళ్లు అక్కడి నీటి టవర్ల ముందు ఫొటోలు దిగి పంపుతారు, ఆ టవర్లకు 1980లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం దక్కింది. ఊరికి నీళ్లిచ్చే కట్టడం చూడముచ్చటగా కూడా ఉండొచ్చని ఆ టవర్లు కట్టినవాళ్లు నమ్మారు. మన దేశంలోనే కలకత్తాలో టాలా ట్యాంకు ఉంది. 1911లో పని మొదలుపెట్టింది. నేలకు 110 అడుగుల ఎత్తున 90 లక్షల గ్యాలన్ల నీళ్లు పట్టే ఇనుప ట్యాంకు. లోపల నాలుగు గదులు, ఒకటి మరమ్మతులో ఉన్నా మిగతావి నీళ్లిస్తాయి. నూరేళ్లు దాటినా ఇప్పటికీ పనిచేస్తోంది. పాత ట్యాంకును కాపాడటానికి దాన్ని బాగుచేసి వాడుకోవడం కంటే మంచి దారి నాకు తెలియదు. మన దగ్గర కూడా గట్టిగా ఉన్నవి ఒకటో రెండో ఉంటే, కూల్చే జాబితాలో పెట్టే ముందు బాగుచేయడం కుదురుతుందేమో మరోసారి చూడండి.

సరిహద్దు దాటి ఆంధ్రలోని ఉద్దానం వైపు కూడా మేం వెళ్తాం. హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లు తెచ్చి ఉద్దానం పల్లెలకిచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. కిడ్నీ జబ్బుతో ఎన్నో ఇళ్లు చితికిపోయిన ప్రాంతమది. అక్కడ ఒక ట్యాంకు ఫొటో తీస్తుంటే ఒక పెద్దావిడ వచ్చి, బాగా రానీ నాయనా, ఈ నీళ్ల కోసం మా ఆయన చూసి చూసి పోయాడు అంది. ఆ మాట విన్నాక నేను ఏ ట్యాంకునూ అశ్రద్ధగా తీయలేదు.

కాబట్టి మిమ్మల్ని అడిగేవి ఇవి. కూల్చాలని తీర్మానం అయిన రోజే ఒక కాగితం ట్యాంకు స్తంభానికి, ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. ఒడియాలో, మా ఊళ్లలో తెలుగులో కూడా. రెండు వారాల వ్యవధి ఉంటే చాలు. ట్యాంకు మీదున్న శంకుస్థాపన రాయి పగలగొట్టించకండి, విప్పదీసి పంచాయతీ ఆఫీసులో గోడకు ఆనించి పెట్టండి. ఏ ఏడాది, ఎన్ని లీటర్లు, ఎవరి హయాం అన్నది ఆ ఒక్క రాయి మీదే ఉంటుంది. కొన్ని పాత రాళ్ల మీద తెలుగు అక్షరాలున్నాయి, ఈ ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి 1936లో ఒడిశాలో కలిసిన సంగతి మీకు తెలిసిందే, ఆ చరిత్రకు ఇలాంటి రాళ్లే సాక్ష్యం. కొత్తగా కట్టే ప్రతి ట్యాంకు మీద సంవత్సరం, కెపాసిటీ, స్తంభాల ఎత్తు పెద్ద అక్షరాలతో రాయించండి. ట్యాంకు కడిగిన తేదీ రాస్తున్నారు, దాని పక్కనే ఇవి కూడా రాస్తే అదనంగా అయ్యే ఖర్చు ఒక రంగు డబ్బా. ఆఫీసు బీరువాల్లో పాత డ్రాయింగులు చెదలు పడుతుంటే చెత్తబండికి వేయకండి, మా దగ్గర స్కానర్ ఉంది, మీ టేబుల్ దగ్గరే కూర్చుని స్కాన్ చేసి కాగితం మీకే తిరిగి ఇస్తాం.

పంపు ఆపరేటర్లకు ప్రత్యేకంగా ఒక మాట. తెల్లవారుజామున మోటారు వేసి, పొంగు గొట్టం నుంచి నీళ్లు పడగానే ఆపి, ఏ వీధికి ఎప్పుడు వాల్వు తిప్పాలో నోటికి గుర్తుంచుకునేది మీరు. ట్యాంకు గురించి మీకు తెలిసినంత ఏ ఫైల్లోనూ ఉండదు. లెవల్ బోర్డు పనిచేయకపోతే గొట్టం మీద చెయ్యి పెట్టి నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చెప్పే ఒక ఆపరేటరును నేను చూశాను. మీ ఫొటో కూడా మీ ట్యాంకుతో కలిపి తీయాలని మా కోరిక. ఒప్పుకుంటే తీస్తాం, వద్దంటే తీయం.

దసరా తర్వాత మా తిరుగుడు మొదలవుతుంది. అప్పటికి మీ పరిధిలో కూల్చాలనుకుంటున్న ట్యాంకుల ఊళ్ల పేర్లు జిల్లా ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టగలిగితే, ముందు ఏ ఊరికి వెళ్లాలో మేం తేల్చుకుంటాం. ఈ లేఖ ఒడియా ప్రతిని మీ ఆఫీసులకు విడిగా పంపుతున్నాం. జవాబు ఏ భాషలో రాసినా మాకు సంతోషమే.

ఇట్లు,
బరంపురం నుంచి,
నీళ్ల ట్యాంకుల ఫొటోలు తీసే మిత్రుల తరఫున ఒకరు